శాటిన్ మీద గరుకు గొంతు

ప్రేమ విఫలమైన మనిషి దుఃఖం కేవలం వ్యక్తిగతమనీ, దానికి సామాజిక ప్రయోజనం లేదనీ మన విమర్శకుల్లో కొందరు తేల్చేస్తుంటారు. భావకవుల విరహంతో తలపడిన రోజుల నుంచి వచ్చిన అలవాటది. ఆ తగాదా అప్పటికి అవసరమే. కాని దుఃఖం దేని గురించి అన్నది చూసి, ఏ గొంతు చెబుతోందన్నది వదిలేస్తే విమర్శ సగంలో ఆగిపోతుందని నా అభిప్రాయం. నల్లజాతి అమెరికన్ జాజ్ గాయని బిల్లీ హాలిడే 1958లో పాడిన 'లేడీ ఇన్ శాటిన్' రికార్డు ఇందుకు మంచి ఉదాహరణ.

ఇందులోని పన్నెండు పాటల్లో ఒక్కటీ ఆమె రాసింది కాదు. వేర్వేరు రచయితలు వేర్వేరు కాలాల్లో రాసినవి. విడిగా చూస్తే మామూలు ప్రేమగీతాలే. వరసగా వింటే కథ అవుతాయి. నిన్ను కోరుకోవడం నా పిచ్చి అన్న ఒప్పుకోలుతో మొదలవుతుంది. నాలుగో పాటకు, నువ్వు లేకున్నా బాగానే ఉన్నానన్న బుకాయింపు. రికార్డు తిప్పగానే, నువ్వు మారిపోయావన్న నిజం. నాలుగో పాటలో మాట ధైర్యం చెబుతుంది, గొంతు ఆ మాటను నమ్మదు. తాళానికి కాస్త వెనకగా పదం పడుతుంది, చెప్పాలా వద్దా అని తటపటాయించినట్టు.

వెనక రే ఎల్లిస్ సమకూర్చిన వయొలిన్ల మెత్తదనం. ముందు అరిగిపోయి, బొంగురుపోయిన గొంతు. ఆ మెత్తదనం వట్టి వ్యాపారపు హంగు అనేవారున్నారు. కాని ఎల్లిస్‌ను కోరి తెచ్చుకున్నది గాయనే. ఈ వైరుధ్యమే రికార్డుకు శిల్పం. రికార్డింగు వేళ ఆమె పాడిన తీరుకు నిరాశపడ్డ ఎల్లిస్, తర్వాత మొత్తం విన్నాక అభిప్రాయం మార్చుకున్నాడు.

ఆ గొంతు అలా ఎందుకయింది? తాగుడు, మత్తుమందులు అని చెప్పి ఊరుకోవడం సులువు. నల్లవారిని మూకలు చంపి చెట్లకు వేలాడదీసే దురాగతం మీద 1939లో పాడిన గాయని ఈమె. 1947లో జైలుశిక్ష పడ్డాక, న్యూయార్కులో మద్యం అమ్మే క్లబ్బుల్లో పాడే అనుమతి పోయింది. 1959లో ఆసుపత్రి మంచం మీదే పోలీసులు అరెస్టు చేశారు. ఆ జూలై 17న, 44వ ఏట చనిపోయింది. ఈ పాటల్లో జాతి మాట లేదు, పోలీసు మాట లేదు. బతుకు గొంతు మీద పనిచేసింది, గొంతు పాట మీద పనిచేసింది. సామాజికతను వస్తువులోనే వెతికే విమర్శకు ఇది దొరకదు. అలాగని ప్రతి పాటకూ ఆమె జీవితంలో ఒక సంఘటనను అతికించడమూ విమర్శ కాదు.

ఇంకో విశేషం. మోనో రికార్డు ప్రేమ ముగిసిందన్న పాటతో ముగుస్తుంది. తొలి స్టీరియో రికార్డులో ఆ పాట లేదు. అక్కడ కథ, నేనిక్కడే ఉంటానన్న ఎదురుచూపు దగ్గర ఆగిపోతుంది. నాకు ఈ రెండోదే బలమైన ముగింపు. ఓటమిని మొదటి పాటలోనే ఒప్పుకున్న మనిషి, చివరికి కూడా కదలకుండా అక్కడే ఉండడం మరీ కఠినమైన నిజం.

ఇంత చెప్పి ఆమె మన జాలి అడగదు. దుఃఖం మీద కథలు రాస్తున్న యువ రచయితలు ఈ రికార్డు వినాలి. పాత్ర ఎంత ఏడ్చిందో లెక్కపెట్టడం మాని, ఆ గొంతు ఏ బతుకులో అరిగిందో పట్టుకోగలిగితే, ప్రేమకథ కూడా అభ్యుదయ సాహిత్యమే అవుతుంది.