అయొడిన్ పెంటాక్సైడు – పాఠ్యపుస్తకాల పొదుపు

హాలొజనుల అధ్యాయము చివర అయొడిన్ పెంటాక్సైడుకు మన పాఠ్యపుస్తకాలు రెండు మూడు వాక్యాలు కేటాయిస్తవి. అయొడిక్ ఆమ్లమును వేడిచేస్తే లభిస్తుందనీ, తెల్లని ఘనపదార్థమనీ, కార్బన్ మోనాక్సైడును అంచనా కట్టడానికి ఉపయోగపడుతుందనీ అంటవి. ఇందులో అబద్ధమేమీ లేదు. కాని విద్యార్థి వేయవలసిన ప్రశ్నలన్నీ ఈ పొదుపులో కొట్టుకొనిపోయినవి.

వేడిచేయడమంటే ఎంత వేడి? అయొడిన్‌ను గాఢ నత్రికామ్లముతో ఆక్సీకరణము చేస్తే వచ్చే అయొడిక్ ఆమ్లమును సుమారు 110 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద ఉంచితే నీరు పోతుంది గాని పూర్తిగా పోదు. మూడు అణువుల ఆమ్లము నుండి ఒక్క అణువు నీరు మాత్రమే వెళ్ళి, మధ్యరకపు పదార్థమొకటి మిగులుతుంది. 200 డిగ్రీలు దాటించి తగినంతసేపు ఉంచితేనే అసలు పెంటాక్సైడు ఏర్పడుతుంది. 300 డిగ్రీలు మించితే అది కూడ నిలువక, ఊదారంగు ఆవిరితో అయొడిన్, ఆక్సిజన్‌లుగా విడిపోతుంది.

చిక్కేమిటంటే, మధ్యరకము, అసలుది రెండూ తెల్లపొడులే. ఎం.యస్‌సి. చదివే రోజులలో నేను రంగు చూచి తృప్తిపడి సీసాకు పేరు అంటించినాను. మళ్ళీ వేడిచేసి తూచితే బరువు ఇంకా తగ్గింది! కంటికి తెలియనిది తక్కెడకు తెలుస్తుంది. 10 గ్రాముల ఆమ్లములో 0.34 గ్రాము తగ్గితే పని సగములో ఆగినట్లు, 0.51 గ్రాము తగ్గితే పూర్తి అయినట్లు. ఈ రెండంకెలు వేయడానికి పుస్తకములో ఒక పంక్తి చాలును.

గుణాల విషయములోనూ ఇదే తీరు. క్లోరిన్ డయాక్సైడు ప్రేలుడు స్వభావము కలది. బ్రోమిన్ ఆక్సైడులు మామూలు ఉష్ణోగ్రతలో నిలువలేవు. హాలొజన్ ఆక్సైడులలో ఇంత స్థిరమైనది అయొడిన్ పెంటాక్సైడే. అయినా అయొడిన్‌ను ఆక్సిజన్‌లో ఊరక వేడిచేస్తే అది పుట్టదు. స్థిరముగా ఉండడము వేరు, సులభముగా ఏర్పడడము వేరు అని చెప్పడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ తరగతిలో దొరకదు. ఇది నీటి ఆవిరిని పీల్చుకొని తిరిగి అయొడిక్ ఆమ్లమవుతుంది గనుక సీసా మూత బిగించి ఉంచవలెను.

ఇక ఉపయోగము. కార్బన్ మోనాక్సైడుతో దీని చర్యను 1870లో ఫ్రెంచి రసాయనజ్ఞుడు డిట్ ప్రకటించినాడు. సుమారు 150 డిగ్రీల వద్ద ఐదు అణువుల మోనాక్సైడు ఒక అణువు పెంటాక్సైడుతో చర్య జరిపి, ఐదు అణువుల కార్బన్ డయాక్సైడును, ఒక అణువు అయొడిన్‌ను ఇస్తుంది. ఆ అయొడిన్‌ను హైపోతో అంశమాపనము చేస్తారు. దశాంశ నార్మల్ హైపో 1 ఘన సెంటీమీటరు ఖర్చయితే, ప్రమాణ ఉష్ణోగ్రతా పీడనాలలో 5.6 ఘన సెంటీమీటర్ల మోనాక్సైడు ఉన్నదన్నమాట. నేడు ఈ పనికి పరారుణ కిరణాల పరికరాలు వచ్చినవి. లెక్క నేర్పడానికి మాత్రము పాతపద్ధతే మేలు. ఆ వాయువు విషము కనుక బడిలో లెక్క కాగితముమీదనే చేయించవలెను. పుస్తకాలు చెప్పని జాగ్రత్త మరొకటి ఉన్నది: గాలిలో ఎసిటిలీన్, హైడ్రొజన్ సల్ఫైడు వంటివి ఉంటే ముందే తొలగించవలెను, లేకుంటే అవి విడిపించిన అయొడిన్ కూడ మోనాక్సైడు లెక్కలోనే చేరుతుంది.