చేతులు కట్టుకుని కూర్చునే ఉద్యోగం

మా పనిలో అన్నిటికన్నా కష్టం చేతులు కట్టుకుని కూర్చోవడమే. పీర్ సపోర్ట్ అనగానే నాలుగు ఓదార్పు మాటలు చెప్పి రావడం అనుకుంటారు. మానసిక జబ్బుతో ఏళ్ళ తరబడి వేగి, దాన్ని ఒక దారికి తెచ్చుకున్నవాడు, అదే తోవలో ఉన్న ఇంకొకరి పక్కన నిలబడి, సొంతంగా ఇల్లు నడుపుకునేదాకా తోడుండటం నా ఉద్యోగం. నాది బైపోలార్, లిథియం వేసుకుంటాను. వేరే ఏ ఉద్యోగంలోనైనా దాచుకోవాల్సిన సంగతి ఇది. మా దగ్గర మాత్రం ఇదే అర్హత.

నేను వెళ్ళే ఒకాయనకు నలభై దాటాయి. స్కిజోఫ్రీనియా బయటపడ్డప్పటి నుంచీ వాళ్ళమ్మ ఆయన్ని వంటింట్లోకి రానివ్వలేదు. నిప్పంటే భయం, కత్తిపీటంటే భయం. ఆమెను తప్పుపట్టలేను. ఇప్పుడు ఆమెకు వయసు మీద పడింది. "నేను పోతే వీడికింత ముద్ద ఎవరు పెడతారు బాబూ" అన్నదొక్కటే దిగులు. అందుకే ఆమె ఉండే వీధిలోనే ఒక గది తీసుకుని వేరుగా ఉండటం మొదలుపెట్టాడు. మొదటి వంట ఉప్మా. మాత్రల వల్ల ఆయన వేళ్ళు వణుకుతాయి. లైటర్ నొక్కితే బర్నర్ మీద పడాల్సిన నిప్పురవ్వ పక్కకు పోతోంది. వాసన వస్తే నాబ్ కట్టేసి కిటికీ తెరవమన్నాను, అంతే. నేనే లేచి వెలిగిస్తే అర నిమిషం పని. స్టూలు మీద కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. రెండుసార్లు నాబ్ కట్టేశాడు, రెండుసార్లు కిటికీ దగ్గరకు వెళ్ళొచ్చాడు. చివరికి కుడి మణికట్టును ఎడం చేత్తో గట్టిగా పట్టుకుని నొక్కితే మంట అందుకుంది. ఆ కిటుకు ఆయన సొంతం, నేను చెప్పింది కాదు. ఆవాలు మాడాయి, రవ్వ ఉండలు కట్టింది. "ఉప్పు మర్చిపోయినట్టున్నా అన్నా" అన్నాడు. పైన చల్లుకుని తిన్నాం.

ఇది నర్సు చేయలేని పనేం కాదు. మాకంటే బాగా చేసేవాళ్ళున్నారు. కాకపోతే కొన్ని సంగతులు అనుభవిస్తేగానీ నోటికి రావు. ఎండల్లో చెమటలు కారి ఒంట్లో నీళ్ళు తక్కువైతే రక్తంలో లిథియం పెరుగుతుంది. ఒళ్ళు నొప్పులని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే కొన్ని మాత్రలతోనూ పెరుగుతుంది. స్కిజోఫ్రీనియాకు ఇచ్చే ఒలాంజపిన్ వేసుకునేవాళ్ళకు అర్ధరాత్రి ఆకలి ఎలా తవ్వుతుందో, ఆ వేళకు డబ్బాలో బిస్కెట్లు కాక మరమరాలు ఎందుకుండాలో డాక్టరుకు చెప్పే తీరిక ఉండదు. అలాగని మందు మార్చడం, మానడం మా జోలి కాదు. "ఆ మాత్ర నాకు పడలేదు" అని నోరు జారినా చాలు, ఎదుటివాడు మర్నాటి నుంచి మానేస్తాడు. మాత్రతో ఇబ్బంది ఉంటే ఆ మాట డాక్టరు దగ్గరకు ఆయనే తీసుకెళ్ళేలా చూస్తాను. రాత్రిళ్ళు నేను ఫోన్ ఎత్తలేను కాబట్టి గోడ మీద ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416 రాయిస్తాను. తెలుగులో మాట్లాడేవాళ్ళుంటారు.

జబ్బు తిరగబెట్టే ముందు ఎవరి గుర్తులు వాళ్ళకుంటాయి. బాగున్న రోజుల్లోనే వాటిని కాగితం మీద పెట్టాలి. నా కాగితంలో మొదటి వాక్యం నిద్ర గురించి, రెండోది ఏటీఎం కార్డు మా అక్క చేతికివ్వడం గురించి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇలాంటి కోరికలకు విలువ కూడా ఇచ్చింది. ఒంట్లో బాగాలేనప్పుడు తనకు ఎలాంటి వైద్యం కావాలో, ఏది వద్దో, తన తరఫున ఎవరు మాట్లాడాలో ముందే రాసిపెట్టుకోవచ్చు. సంతకం పెట్టించుకునే తీరికే మనకు లేదు.

ఈ పీర్ సపోర్ట్ పని కొత్తదేం కాదు. పారిస్‌లోని బిసేత్ర్ ఆసుపత్రిలో 1790లలో మానసిక రోగుల వార్డును నడిపిన పుస్సాఁ, అంతకుముందు కంఠమాలతో అక్కడే చేరి నయమైన మనిషి. కోలుకున్నవాళ్ళనే ఏరి పనిలో పెట్టుకునేవాడు. అక్కడ సంకెళ్ళు తీయించింది 1797లో ఆయనే. పేరు మాత్రం డాక్టరు పినెల్‌కు దక్కింది. పటాల్లోనూ పినెలే ఉంటాడు.  మన కాలానికొస్తే, పీర్ సపోర్ట్‌కు పేదల ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికెయిడ్ నుంచి డబ్బు కట్టడం 1999లో అమెరికాలో మొదలుపెట్టింది జార్జియా రాష్ట్రమే. మన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంలో సైకియాట్రిస్టు, సైకాలజిస్టు, సోషల్ వర్కర్, నర్సు ఉంటారు. జబ్బును స్వయంగా చూసినవాడికి కుర్చీ వేయలేదు. ఉచితంగా సేవ చేయమని మాత్రం అందరూ అడుగుతారు. నా మటుకు నేను జీతం అడుగుతాను.

అసలు గండం ఇల్లు దొరకడం. ఆ 2017 చట్టంలోనే 19వ సెక్షన్ ఉంది. మానసిక జబ్బు ఉన్నవాళ్ళకు సమాజంలో నలుగురితో కలిసి బతికే హక్కు ఉందంటుంది. ఇంట్లోవాళ్ళు రానివ్వడం లేదనో, పోవడానికి చోటు లేదనో ఎవరినీ ఆసుపత్రిలో ఉంచేయకూడదంటుంది. చెన్నైలోని బాన్యన్ సంస్థ 2015 నుంచి 'హోమ్ అగెయిన్' పేరుతో దీన్ని చేసి చూపిస్తోంది. ఏళ్ళ తరబడి ఆసుపత్రుల్లో ఉండిపోయినవాళ్ళు నలుగురైదుగురు కలిసి మామూలు వీధిలో అద్దె ఇంట్లో ఉంటారు, సాయానికి ఒక మనిషి ఉంటుంది. కూరగాయలు కొంటారు, పోట్లాడుకుంటారు, పండగ చేసుకుంటారు. దీనికి మహా పథకాలేం అక్కర్లేదు, అద్దెకిచ్చే యజమాని కావాలి.

ఉప్మా ఆయన గది కోసం హైదరాబాద్ సందుల్లో తిరిగినప్పుడు టు-లెట్ బోర్డు కింద అడిగే ప్రశ్నలు నాకు కంఠతా వచ్చేశాయి. ఫ్యామిలీయా, బ్యాచిలరా? ఏం చేస్తుంటారు? ఇంత వయసొచ్చినా పెళ్ళెందుకు కాలేదు? ఒక యజమానురాలు తలుపు సగం తెరిచి, ఆయన్ని కాక నన్ను చూస్తూ, "ఆయన నెమ్మదస్తుడేనా?" అని అడిగింది. మా ఇద్దరిలో జబ్బు లేనివాణ్ణి నేననుకుంది పాపం. జబ్బు సంగతి చెప్పాలా వద్దా అన్నది ఆయన ఇష్టం, ఆ వివరం గోప్యంగా ఉంచుకునే హక్కు కూడా చట్టంలో ఉంది. ఆయన చెప్పదల్చుకోలేదు. నేనూ చెప్పలేదు. రెండు నెలల అడ్వాన్సు కట్టి దిగాడు.

మీ ఇంటి గేటుకు టు-లెట్ బోర్డు ఉండి, కాస్త తక్కువ మాట్లాడే మనిషి ఎవరైనా వచ్చి గది చూపించమంటే, అద్దె ఏ తారీఖున ఇస్తాడో అడగండి, కరెంటు మీటరు వేరేనని చెప్పండి, నీళ్ళు ఎన్నింటికి వదులుతారో చెప్పండి. పక్కన ఎవరైనా వచ్చి ఉంటే వాళ్ళతో కాక, గది తీసుకునే మనిషితోనే మాట్లాడండి.