వేలికొసకు అందే పేరు

యూరప్‌లో అమ్మే మందుల పెట్టెను తడిమితే సన్నటి చుక్కలు తగులుతాయి. 2004 నాటి యూరోపియన్ యూనియన్ ఆదేశం ప్రకారం మందు పేరు బ్రెయిలీలో ఉండి తీరాలి. నేను మెచ్చేది మాత్రం చట్టాన్ని కాదు, ఆ అట్టపెట్టె చేసే పనివాళ్లను. చుక్క ఎత్తు సుమారు 0.2 మిల్లీమీటర్లు. అచ్చు గట్టిగా నొక్కితే అట్ట చిట్లుతుంది, తేలిగ్గా నొక్కితే వేలికి ఆనదు. ఒకే సైజు పెట్టెలు రెండు, ఒకటి బీపీకి, ఒకటి షుగర్‌కి. చూపు లేని మనిషి ఎవరినీ పిలవకుండా ఏది ఏదో తేల్చుకోవచ్చు. గడువు తేదీ మాత్రం బ్రెయిలీలో తప్పనిసరి కాదు, అది లోటే. తెలుగు బ్రెయిలీకీ అదే ఆరు చుక్కల అమరిక ఆధారం. హైదరాబాద్ మందుల కంపెనీల వారూ, యూరప్‌కు పంపే పెట్టెల మీద వేసే చుక్కల్ని మన ఊళ్లో అమ్మే పెట్టెలన్నిటి మీదా వేయండి.