మీ ధైర్యము, మా జయము

యుద్ధకాలమున ప్రభుత్వములు ప్రజలకు జెప్పిన మాటలను విమర్శించువారు సాధారణముగా నవి సత్యములా, అసత్యములా యని విచారింతురు. ఆ విచారణ యవసరమే. కాని ఆ మాటలలో ‘మీరు’ ఎవరు, ‘మేము’ ఎవరు అనియు నడుగవలెనని మా యభిప్రాయము. సామాన్యజనము ప్రభుత్వవాక్యమున ముందుగా గ్రహించునది తన స్థాన మెక్కడ నున్నదను విషయమే.

ఇంగ్లండున 1939లో జరిగిన సంగతి దీనికి నిదర్శనము. జర్మనీతో యుద్ధము తప్పదని తోచిన యా వేసవిలో అధికారులు మూడు గోడప్రకటనలను సిద్ధపఱచిరి. బొమ్మలు లేవు, నిండురంగుపై తెల్లని యక్షరములు, పైని రాజకిరీటము. సెప్టెంబరు 3వ తేదీని యుద్ధము ప్రకటింపబడిన పిదప గోడల కెక్కిన వానిలో నొకదాని భావ మిది: మీ ధైర్యము, మీ యుల్లాసము, మీ దృఢసంకల్పము మాకు జయము చేకూర్చును.

ఆంగ్లమున ‘మనకు’, ‘మాకు’ అను రెంటికిని పద మొక్కటియే. వ్రాసినవారు ‘మనకు’ అనియే తలచియుండవచ్చును. కాని ముమ్మారు ‘మీ’ యని వేలు చూపిన పిమ్మట వచ్చిన పదమును ‘మనకు’ అని చదువుట కష్టము. తెలుగున వ్రాయువానికి రెంటిలో నొకదానిని తేల్చుకొనక తప్పదు. ఆ భేదము తమ భాషలో లేకున్నను ఆ దేశపు సామాన్యులు దానిని గనిపెట్టిరి. 1937లో నేర్పడి, జనుల మాటలను, అభిప్రాయములను సేకరించుచుండిన మాస్ అబ్జర్వేషన్ సంస్థ విచారింపగా, శ్రమ ప్రజలది, జయము ప్రభుత్వముది యని పలువురు భావించినట్లు తేలెను.

ఈ పాఠము వెంటనే తల కెక్కలేదు. 1940 జూలైలో సమాచారశాఖ, వదంతులను నిరుత్సాహవాక్యములను మానుడని ‘మౌనశ్రేణి’ యను ప్రచారమును సాగించెను. తమ్ము శంకించుచున్నారని జనులకు రోషము గలుగగా, కొలదివారములకే దానిని విడువవలసివచ్చెను. అంతకు ముందే, జూన్ 5న, రచయిత జె. బి. ప్రీస్ట్లీ రేడియోలో డన్‌కర్కునుండి సైనికులను దాటించిన చిన్న విహారనౌకలను గూర్చి ప్రసంగించెను. ఆయన యాజ్ఞాపింపలేదు, వినువారిలో నొకడై, వా రెఱిగిన యోడలను స్మరించెను. జనులు చెవియొగ్గి వినిరి.

మూడవ ప్రకటన, నెమ్మది విడువక పని సాగింపుడనునది, సుమారు 24 లక్షల 50 వేల ప్రతులు ముద్రింపబడెను. ఘోరమైన వైమానికదాడుల కొఱకని దాచి, 1940లో వానిలో బెక్కింటిని కాగితపుగుజ్జుగా మార్చిరి. 2000లో ఆల్నిక్ పట్టణపు పాతపుస్తకముల యంగడిలో నొక ప్రతి బయల్పడి, నేడు కాఫీకప్పులపై వెలయుచున్నది. ఆనాటి జనులలో నత్యధికులు చూడనే చూడని వాక్యమును వారి స్థైర్యమునకు సాక్ష్యముగా గొనియాడుచున్నాము!

మన దేశమునకు ‘మీ’ యను సంబోధనయైన దక్కలేదు. ఆ సెప్టెంబరు 3వ తేదీనే వైస్రాయి లిన్లిత్‌గో భారతీయ నాయకుల నడుగకయే ఈ దేశమును యుద్ధమున జేర్చెను. ఆ సంవత్సరాంతమునకు ముందే మద్రాసు మొదలగు రాష్ట్రముల కాంగ్రెసు మంత్రివర్గములు వైదొలగెను.

ఏ దేశమునందైనను యుద్ధప్రకటన గోడపై గనబడినప్పుడు గృహస్థులు ముందుగా నడుగవలసినది యిది: వెల చెల్లించువారును, జయమును పంచుకొనువారును ఇందు ఒక్కరేనా? ఈ ప్రశ్న కుత్తరము ఆ వాక్యముననే చాలవఱకు దొరకును.