ఎనిమిదో అంకణం: రూచెల్లాయ్ భవన ముఖభాగం – సమగ్రతా సిద్ధాంతం

ఉపోద్ఘాతం

ఫ్లోరెన్స్ నగరంలో వియా దెల్లా విన్యా నువోవా వీధిలో ఉన్న రూచెల్లాయ్ భవనానికి యూరపు పునరుజ్జీవన వాస్తుకళా చరిత్రలో స్థిరమైన స్థానం ఉంది. ప్రాచీన రోమను స్తంభక్రమాలను ఒక గృహస్థుని నగరభవన ముఖభాగానికి క్రమబద్ధంగా అన్వయించిన తొలి కట్టడాలలో ఇది ఒకటి. దీని రూపకల్పనను వసారి 16వ శతాబ్దంలోనే లియోన్ బత్తిస్తా ఆల్బెర్తికి ఆపాదించాడు. నిర్మాణాన్ని బెర్నార్దో రోస్సెల్లీనో నడిపించాడని సాధారణంగా భావిస్తారు. ముఖభాగ రూపకల్పన కూడా రోస్సెల్లీనోదేనన్న వాదం ఉన్నా, ఆల్బెర్తి భావాలతో దీనికున్న సామీప్యాన్ని కాదనడం కష్టం. ఈ భవనాన్ని విమర్శకులు సాధారణంగా సామరస్యానికి ఉదాహరణగా చూపుతారు. అయితే దాని కుడి అంచు తెగిన రాళ్లతో అర్ధాంతరంగా ఆగిపోయింది. ఆ అంచును ప్రమాదవశాత్తు మిగిలిన లోపంగా పక్కన పెట్టడం సరికాదనీ, ఆల్బెర్తి సౌందర్య నిర్వచనాన్ని పరీక్షించే ప్రధాన సాక్ష్యం అదేననీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

ముఖభాగ స్వరూపం

స్తంభాల మధ్య దూరాన్ని తెలుగువారు అంకణం అంటారు. ఈ భవన ముఖభాగాన్ని వర్ణించడానికి అంతకన్నా తగిన మాట లేదు. మూడు అంతస్తులలోనూ గోడకు అంటుకొని ఉన్న చదునైన స్తంభాలు నిలువుగా, వాటిపైన సాగే పట్టీలు అడ్డంగా ముఖభాగాన్ని అంకణాలుగా విభజిస్తాయి. రోములోని కొలోసియంలో వలె అంతస్తు మారినకొద్దీ స్తంభక్రమమూ మారుతుంది. కింద సరళమైన క్రమం, పైన కొరింథియన్ క్రమం, నడుమ ఆ రెండింటికీ వారధిగా స్వతంత్ర కల్పన అనదగిన మరొక క్రమం కనిపిస్తాయి. అడుగున వీధి పొడవునా రాతి అరుగు ఉంది. అడ్డుపట్టీపై గాలి నిండిన తెరచాపలను చెక్కారు. అవి జొవాన్ని రూచెల్లాయ్ తన అదృష్టానికి గుర్తుగా ఎన్నుకొన్న చిహ్నాలు.

ఈ స్తంభాలు బరువు మోయవు. రాళ్ల అతుకులుగా కనిపించే గీతలలో కొన్ని నిజమైన అతుకులు కావు, రాతి ఉపరితలంపై చెక్కినవి. 1440ల మధ్యలో మొదలైన మెడిచీ భవనంలో కింది అంతస్తు మొరటు రాళ్లు తమ మందాన్ని తామే చాటుకుంటాయి. ఇక్కడి రాయి మాత్రం పలుచని తొడుగు. ఈ భేదాన్ని బట్టి రూచెల్లాయ్ ముఖభాగాన్ని కపటమైనదిగా నిందించవచ్చు. ఆ నింద నిలవదు. భవనాన్ని మొదట నగ్నంగా నిర్మించి ఆ తరువాత అలంకరించాలని ఆల్బెర్తి తన వాస్తుగ్రంథంలో స్పష్టంగా చెప్పాడు. స్తంభమే ప్రధానాలంకారమనీ అన్నాడు. కనుక తొడుగు తొడుగుగా ఉండటం అతని సిద్ధాంతానికి విరుద్ధం కాదు. అసలు చిక్కు మరొక చోట ఉంది.

అయిదు, ఏడు, ఎనిమిది

సౌందర్యమంటే భాగాలన్నిటి మధ్య ఉండే హేతుబద్ధమైన పొందిక అనీ, దానికి ఏదైనా చేర్చినా, తీసినా, మార్చినా అది చెడిపోతుందనీ ఆల్బెర్తి నిర్వచనం. బ్రెండా ప్రేయర్ 1981లో ప్రకటించిన పరిశోధన ప్రకారం ఈ ముఖభాగం మొదట అయిదు అంకణాలకే రూపొందింది. పొరుగిల్లు చేతికి వచ్చిన తరువాత ఏడుకు విస్తరించింది. ద్వారాల స్థానాలు ఈ వాదాన్ని బలపరుస్తాయి. ఎడమ నుంచి లెక్కిస్తే మూడో అంకణంలో ఒక ద్వారం, ఆరో అంకణంలో మరొకటి ఉన్నాయి. అయిదు అంకణాల ముఖభాగానికి మూడోది సరిగ్గా నడిమిది. ఏడు అంకణాలలో ఈ రెండు ద్వారాలకు సమతౌల్యం కుదరదు. ఎనిమిదోది పూర్తయి ఉంటే రెండు ద్వారాలూ ఇరువైపుల నుంచి సమాన దూరంలో నిలిచి సౌష్ఠవం తిరిగి ఏర్పడేది. ఆరంభమై ఆగిన ఆ ఎనిమిదో అంకణపు రాళ్లే నేటి తెగిన అంచు.

దీన్నిబట్టి ఒక నిర్ణయానికి రావచ్చు. అయిదు అంకణాల రూపం ఆల్బెర్తి నిర్వచనానికి సరిపోతుంది. ఎనిమిది అంకణాల రూపమూ మరొక విధంగా సరిపోతుంది. అంటే చేర్చడానికి వీలులేని పొందికగా ప్రకటితమైనది ఆచరణలో మూడు అంకణాలు చేర్చుకోవడానికి సిద్ధపడింది. అంకణం పునరావృతమయ్యే మాత్ర. పునరావృతమయ్యేదానికి తనంతట తానుగా ముగింపు ఉండదు. ముగింపును నిర్ణయించినది సౌందర్యసూత్రం కాదు, పొరుగు స్థలం. సిద్ధాంతం దేహానికున్న సమగ్రతను కోరగా, నగరం వస్త్రానికున్న పొడిగింపును అనుమతించింది.

ఏకత్వం వెల

ఈ పొడిగింపుకు సామాజిక కారణాలున్నాయి. జొవాన్ని మామగారైన పాల్లా స్త్రోజ్జిని 1434లో మెడిచీలు నగరం నుంచి బహిష్కరించారు. ఆ బంధుత్వం వల్ల జొవాన్ని సంపన్నుడైన వర్తకుడైనా చాలాకాలం రాజకీయ పదవులకు దూరంగా ఉండవలసి వచ్చింది. అతని కుమారుడు బెర్నార్దోకు మెడిచీల ఆడపడుచు నన్నీనాతో 1466లో వివాహమైంది. ఆ విందు ఈ భవనం ఎదుటనే జరిగింది. నిరాదరణకు గురైన కుటుంబం తన ప్రతిష్ఠను వీధిముఖంగా ప్రకటించుకున్న పత్రంగా ఈ ముఖభాగాన్ని చదవాలి.

జొవాన్ని తన జిబాల్దోనె అనే సంకలనగ్రంథంలో ఎనిమిది ఇళ్లను ఒక్కటిగా చేశానని రాసుకున్నాడు. వాటిలో మూడు వీధివైపువి, అయిదు వెనుకవి. కనుక ముఖభాగంలోని ఏకత్వం ఆ స్థలానికి సహజమైనది కాదు, కొని కూర్చినది. ఎనిమిది ఇళ్ల గోడలు, గడపలు, ఎత్తుపల్లాలు ఈ సమాన అంకణాల వెనుక మరుగయ్యాయి. ఎదుట నిలిచి చూసేవారికి కనబడని ఆ సంగతిని తెగిన అంచు ఒక్కటే బయటపెడుతుంది. అక్కడ తొడుగు మందం తెలుస్తుంది, దాని పక్కన మరొకరి ఇల్లు మొదలవుతుంది.

ముగింపు

రూచెల్లాయ్ భవనం ఆల్బెర్తి సిద్ధాంతానికి దృష్టాంతమనడం అర్ధసత్యమే. అది ఆ సిద్ధాంతానికి పరీక్ష కూడా. వీధి ఇరుకు కావడం వల్ల దీనిని నడిచేవారు ఎక్కువగా ఏటవాలుగానే చూస్తారు. నిండుగా ఎదుటి నుంచి తీసిన ఛాయాచిత్రాలనూ, అంచును సరిదిద్దిన రేఖాచిత్రాలనూ మాత్రమే ఆధారం చేసుకొంటే విమర్శ సిద్ధాంతాన్నే మళ్లీ వల్లిస్తుంది. కట్టడం చెప్పేది వినాలంటే ఎనిమిదో అంకణాన్ని ఊహలో పూరించకుండా, అది ఆగిన చోటి నుంచే పరిశీలన మొదలుపెట్టాలి.