తండ్రి ఋణము – కూతురి త్రోవ

తండ్రి చేసిన అప్పు తీర్చుటకై కూతురు పంతులమ్మగా వెడలుట 1955 నాటి 'మిస్సమ్మ'ను చూచిన తెలుగువారికి తెలిసిన కథయే. అదే సంకటము 'మై బ్రిలియంట్ కెరీర్' (1979) అను ఆస్ట్రేలియా చిత్రమునందును గలదు. మైల్స్ ఫ్రాంక్లిన్ అను రచయిత్రి పడుచుతనముననే వ్రాసి 1901లో ప్రచురించిన నవలను గిలియన్ ఆర్మ్‌స్ట్రాంగ్ అను దర్శకురాలు చిత్రముగా మలచినది.

కథానాయిక సిబిల్లా కరవుసీమలోని బీదరైతు బిడ్డ. అప్పిచ్చిన వాని ఇంట, పెంకిపిల్లలకు చదువు చెప్పవలసి వచ్చును. ఆ పాత్రలో జూడీ డేవిస్ చూపిన పట్టుదల, చిలిపితనము చూడముచ్చటగా నున్నవి. సంపన్నుడగు హ్యారీ ఆమెను వలచును. ఆమెకును అతడనిన ఇష్టమే. అయినను పెండ్లికి ఒప్పుకొనదు. ముందు తన్ను తాను తెలిసికొని రచయిత్రి కావలెనని ఆమె కోరిక. తుదకు తన వ్రాతప్రతిని తపాలాలో వేయును.

మేరీగా సావిత్రి నటన మరపురానిది. కాని మేరీ చిక్కులను విడదీసినవి తప్పిపోయిన బిడ్డయను ఆనవాలును, పెండ్లియును. సిబిల్లా తన త్రోవను తానే వెదకుకొన్నది. హ్యారీని దుష్టునిగా చూపి ఆమె నిర్ణయమును సులభము చేయకుండుటయే దర్శకురాలి గొప్పతనము. మంచి సంబంధమును వదలుకొనుటలోని బాధ మనకును తగులును.

చంద్రపూరులోని మన యిండ్ల ఆడపిల్లలు నేడు పెద్ద చదువులు చదువుచున్నారు. చదువు ముగియగానే మనమడుగు మొదటి ప్రశ్న సంబంధమును గూర్చియే. పిల్లతో కూర్చుండి ఈ చిత్రమును చూడుడు. పిదప ఆమె మాటను ముందుగా వినుడు.