గేటు బయటి గోడ

బోథ్‌లో ఎయిర్‌పోర్టు అనగానే చాలామందికి తట్టేది గల్ఫ్. షికారుకు విమానం ఎక్కేవాళ్ళు ఈమధ్య కనిపిస్తున్నారు గానీ, దుబాయి, మస్కట్, దోహా మాటే ఇప్పటికీ ముందు. బోథ్ ఎక్స్ రోడ్డు దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కిన బండి నిర్మల్, ఆర్మూర్, కామారెడ్డి దాటి, ఔటర్ రింగ్ రోడ్డు పట్టుకుని శంషాబాద్ చేరేసరికి ఐదారు గంటలు. విమానం ఎక్కేది ఒక్కడే, బండి నిండా మనుషులే. అమ్మ, భార్య, ఒళ్ళో పిల్ల, బామ్మర్ది, ఇదివరకు రెండుసార్లు పోయొచ్చి దారి తెలిసిన పక్కింటి అన్న. సూట్‌కేసుకు అడ్డంగా నిలువుగా కట్టిన తాడు, దానిమీద మార్కర్ పెన్నుతో పేరు, ఫోన్ నంబరు. లోపల తొక్కు డబ్బా, సకినాలు.

గేటు దగ్గర జవాను టికెట్, పాస్‌పోర్టు చూస్తాడు. అక్కడితో బండెడు మందీ రెండుగా చీలిపోతారు. ఒక్కడు అద్దం అవతల, మిగిలినవాళ్ళు ఇవతల. ఆ తర్వాత అంతా ఫోన్లోనే.

"ఏడున్నవ్‌రా? సామాను తీస్కున్నరా?"

"తీస్కున్నరు. ఇగ పాస్‌పోర్టు లైన్ల నిలవడ్డ. మీరు పోండ్రి, చీకటైతది."

ఎవరూ పోరు. ఇమిగ్రేషన్ దాటిండని కబురు వచ్చేదాకా అక్కడే గట్టు మీద కూర్చుంటారు. పదో తరగతి గట్టెక్కని మనిషైతే ఆ భయం ఇంకొంచెం ఎక్కువ. అతని పాస్‌పోర్టు ఈసీఆర్ కిందికి వస్తుంది, గల్ఫ్ దేశాలకు పనికి పోవాలంటే విడిగా ఎమిగ్రేషన్ క్లియరెన్స్ ఉండాలి. కాగితాల్లో ఒకటి తక్కువైతే వెనక్కి పంపేస్తారని ఊళ్ళో పది కథలు చెప్పుకుంటారు.

విమానాశ్రయాల్లో కళ గురించి రాసేవాళ్ళు సాధారణంగా ఈ గట్టు దగ్గర మొదలుపెట్టరు. లోపలి గోడల గురించి రాస్తారు. ఈ కాలమ్ రాసే బోథ్ మనిషి పట్టింపు మాత్రం ఒకటే: బొమ్మ ఎంత గొప్పది అనేదానికంటే, దాన్ని ఎక్కడ పెట్టారన్నది పెద్ద ప్రశ్న.

లోపలి సంగతి తీసిపారేసేది కాదు. శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయం 1980 నుంచే సొంత మ్యూజియం నడుపుతోంది. ఆమ్‌స్టర్‌డామ్‌లోని షిపోల్‌లో 2002లో రైక్స్ మ్యూజియం ఒక చిన్న శాఖ తెరిచింది, విమానం మారే గంటన్నరలో అసలు డచ్ చిత్రాలు చూసి రావడానికి. 1978లో బ్రయాన్ ఈనో విమానాశ్రయాల కోసమని ఒక ఆల్బమే చేశాడు. ఆ స్థలాల్లో మనిషికి పట్టే చిరాకును కాస్త మెత్తబరచాలని అతని ఉద్దేశం. అంటే, ఇది బాగాలేని చోటు అని కట్టినవాళ్ళకీ తెలుసు. బూట్లు విప్పించి, బెల్టు తీయించి, నీళ్ళ సీసా పారేయించే చోటు బాగుంటుందని ఎవరూ అనుకోరు.

మన దేశంలో సరైన చోటు దొరికిన బొమ్మ ఢిల్లీలో ఉంది. 2010లో తెరిచిన మూడో టెర్మినల్‌లో, ఇమిగ్రేషన్ కౌంటర్ల పైన, గోడ నిండా రాగిరంగు పళ్ళాలు పరిచి, వాటి ముందుకు పెద్ద పెద్ద చేతులు చాపించారు. నాట్యంలోని హస్తముద్రలు. వాటిని రూపొందించింది జైపూర్‌కు చెందిన ఆయుష్ కాస్లీవాల్. వాటితో ఫొటో దిగని ప్రయాణికుడు అరుదు. అయితే చేతుల అందం సగమే, మిగతా సగం ఆ చోటుది. లైన్లో ఇరుక్కున్న మనిషి తల ఎత్తితే ఇంకేం కనబడదు. ఫోన్ చూద్దామంటే ఒక చేతిలో పాస్‌పోర్టు, ఇంకో చేతిలో సంచి. కింద అధికారి ముఖం గంభీరంగా ఉంటుంది, పైన చేతులు ఏదో మంచిమాట చెబుతున్నట్టుంటాయి. లైన్ పొట్టిది కాదు, అయినా నిలబడడం కాస్త తేలికవుతుంది.

ముంబై కథ వేరు. దానికి మనతో చుట్టరికం కూడా ఉంది. ఉత్తర తెలంగాణ నుంచి గల్ఫ్ బాట పట్టిన మొదటి తరాలకు బొంబాయే గుమ్మం. రైలెక్కి అక్కడికి పోయి, ఏజెంటు చూపిన గదిలో వీసా కోసం పడిగాపులు పడిన పెద్దవాళ్ళు ఇప్పటికీ ఊళ్ళో ఉన్నారు. అదే బొంబాయిలో హైదరాబాద్ కంపెనీ జీవీకే ఆధ్వర్యంలో కట్టిన రెండో టెర్మినల్ 2014లో మొదలైంది. రాజీవ్ సేఠీ చేతుల మీదుగా అందులో దాదాపు మూడు కిలోమీటర్ల పొడవున ఒక కళల గోడ లేచింది. వేల వస్తువులు. పాత ఇళ్ళ తలుపులు, కిటికీలు, చెక్కడపు గుమ్మాలు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు నిలబెట్టారు. పైకప్పును మోసే స్తంభాలు నెమలి పింఛంలా విచ్చుకుంటాయి. దండారి పండుగకు నెమలి పింఛాల టోపీ పెట్టుకుని ఆడే మన గుస్సాడీలు ఆ కప్పు కింద నిలబడితే బయటివాళ్ళలా అనిపించరు.

ఇంత చేసినా ఆ గోడకు ఒక కష్టం ఉంది. చాలా భాగం మనుషులు నడుస్తూ పోయే దారి పక్కనే ఉంది. సామాను బండి తోస్తూ, గేటు నంబరు వెతుక్కుంటూ పోయేవాడు కంటికొసతో రంగులు చూస్తాడు తప్ప తలుపు మీది చెక్కడం దగ్గర ఆగడు. తీరిక ఉన్నవాడికి అది మ్యూజియం, తీరిక లేనివాడికి గోడ. 2021లో విమానాశ్రయం అదానీ గ్రూపు చేతికి వెళ్ళింది. యజమాని మారినప్పుడు కళ గతి ఏమిటన్నది ప్రైవేటు టెర్మినల్‌లో బొమ్మ పెట్టే ప్రతివాడూ ముందే అడగవలసిన ప్రశ్న.

ఇక ఎలుగుబంటి. దోహా మీదుగా పోయొచ్చిన మనిషి ఫోన్లో అది ఉండే తీరుతుంది. 2014లో తెరిచిన హమద్ విమానాశ్రయం నడిబొడ్డున ఏడు మీటర్ల పసుపుపచ్చ ఎలుగుబంటి కూర్చుని ఉంటుంది, దాని నెత్తి మీద ఒక దీపం. చూడ్డానికి దూది కూరిన ఆటబొమ్మ, ముట్టుకుంటే కంచు. చేసింది స్విస్ శిల్పి ఉర్స్ ఫిషర్. 2011లో న్యూయార్క్ వేలంలో దాని ధర 68 లక్షల డాలర్లు పలికింది, అప్పటి లెక్కన దాదాపు 30 కోట్ల రూపాయలు. ఇంత డబ్బు పోసి ఈ బొమ్మేమిటని వెక్కిరించినవాళ్ళున్నారు. మొదటిసారి ఫొటోలో చూసినప్పుడు ఈ కాలమిస్టుకూ నవ్వొచ్చింది.

కానీ ఆ బొమ్మ చేసే పని ఇంకోటి ఉంది. దోహాలో దిగి ఇంకో విమానం పట్టుకోవలసిన మనిషికి బోర్డుల మీద ఉండేది అరబ్బీ, ఇంగ్లిష్. రెండూ రానివాళ్ళకు ఆ బోర్డులతో ఒరిగేదేమీ లేదు. పోయొచ్చినవాడు కొత్తవాడికి దారి ఎలా చెబుతాడు? "పచ్చ ఎలుగుబంటి కాడికి పో, ఆడ నిలవడు, మనోళ్ళు కనవడ్తరు" అంటాడు. జాతరలో తప్పిపోతే గుడి ముందటి రాతి ఏనుగు దగ్గర కలుద్దామని చెప్పుకున్నట్టే. ఇంత ఖరీదైన బొమ్మ చదువురాని కూలీకి గుర్తుపట్టే మైలురాయి అయింది. కొన్నవాళ్ళు అది ఊహించారో లేదో గానీ, విమానాశ్రయంలో కళకు అంతకంటే గౌరవమైన ఉద్యోగం దొరకదు. పెద్దగా ఉండాలి, ఒక్కటే ఉండాలి, ఒక్క మాటలో చెప్పగలగాలి. మన దగ్గర గోడ నిండా పది శైలులు కలిపి అతికించే డిజైనర్లు ఈ మూడు షరతులూ మరిచిపోతారు.

విమానం దాకా పోకుండానే చూడదగ్గ ఉదాహరణ మన గడప అవతలే ఉంది. కాజీపేట నుంచి ఢిల్లీ వైపు పోయే రైళ్ళు చాలావరకు ఆగే బల్లార్షా స్టేషన్. బొగ్గు గనులు, కాగితం మిల్లు, రైల్వే పనుల కోసం వెళ్ళి స్థిరపడిన తెలుగువాళ్ళు అక్కడ చాలామంది. ఆ స్టేషన్ గోడల మీద స్థానిక చిత్రకారులు తాడోబా అడవి పులులను, ఆ ప్రాంతపు ఆదివాసీ చిత్రాలను గీశారు. 2018లో రైల్వే శాఖ దేశంలో అందమైన స్టేషన్లకు పోటీ పెడితే బల్లార్షా, దాని పక్క చంద్రాపూర్ కలిసి మొదటి బహుమతి పట్టుకుపోయాయి, 10 లక్షల రూపాయలు. రెండోది మధుబని, మధురైలకు వచ్చింది. మూడో బహుమతి పంచుకున్న మూడింటిలో మన సికింద్రాబాద్ ఉంది.

ఇదే బల్లార్షాలో 2022 నవంబరులో పాదచారుల వంతెన పలక ఊడి పట్టాల మీద పడింది. ఒకరు చనిపోయారు, పలువురు గాయపడ్డారు. పులి బొమ్మకూ వంతెన పలకకూ సంబంధం లేదని వాదించవచ్చు. లేదు, నిజమే. కానీ రంగుల పద్దు ఒక ఫైలులో, మరమ్మతుల పద్దు ఇంకో ఫైలులో ఉన్నప్పుడు ప్రయాణికుడు ముందు ఏ ఫైలు కదలాలని కోరుకుంటాడో వేరే చెప్పక్కర్లేదు.

అయినా రైల్వే స్టేషన్‌కు ఒక్క మేలు ఉంది. ప్లాట్‌ఫాం టికెట్ కొంటే సాగనంపే అమ్మ బోగీ కిటికీ దాకా వస్తుంది. ఆ పులిని ఆమె కూడా చూస్తుంది. విమానాశ్రయంలో అలా కుదరదు. డబ్బు పోసి చేయించిన బొమ్మలన్నీ భద్రతా తనిఖీ అవతల ఉంటాయి. ఇవతల ఉండేది కారు పార్కింగ్ రేట్ల బోర్డు. హైదరాబాద్ విమానాశ్రయం బేగంపేట నుంచి 2008 మార్చిలో శంషాబాద్‌కు మారినప్పుడు ఊరికి దూరమైంది, విశాలమైంది. ఆ విశాలంలో సాగనంపేవాళ్ళ వాటా గేటు ముందటి కాస్త చోటు. తనిఖీ లైన్ గంటో రెండు గంటలో. గేటు బయటి ఎడబాటు రెండేళ్ళు, ఒక్కోసారి నాలుగేళ్ళు. ఇందులో ఏది ఎక్కువ కష్టమో తేల్చడానికి సర్వే అక్కర్లేదు.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం ఆదిలాబాద్. నిజాం కాలంలో వేసిన ఎయిర్‌స్ట్రిప్ ఒకటి అక్కడ ఉంది. దాన్ని పౌర విమానాలకు వాడుకోవడానికి 2025లో వాయుసేన ఒప్పుకుంది. టెర్మినల్ లేస్తే, ప్రారంభోత్సవానికి నెల ముందు ఎవరో ఒకరు "లోకల్ ఆర్ట్ పెట్టండి" అంటారు. అప్పుడు జరిగేది కూడా ఊహించవచ్చు. ఫైబర్‌తో చేసిన డోక్రా ఇత్తడి బొమ్మ నకలు ఒకటి, గుస్సాడీ కటౌటు ఒకటి, దాని ముందు సెల్ఫీ పాయింట్.

అసలు డోక్రా ఎలా పుడుతుందో చూసినవాళ్ళు ఆ నకలుకు ఒప్పుకోరు. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఉషేగాం, కేస్లాగూడ ఊళ్ళలో ఓజులు ఈ పని చేస్తారు. ముందు మట్టితో లోపలి ఆకారం చేసి ఆరబెడతారు. మైనంలో గుగ్గిలం కలిపి సన్నటి దారాల్లా సాగదీసి, ఆ మట్టి మీద ఒక్కొక్క వరుసా పక్కపక్కనే చుడతారు. వేలి కొసతో నొక్కుతూ, ఎండ ఎక్కువైతే మైనం జారుతుందని నీడకు జరుగుతూ. నెమలి మెడ మీద కనిపించే ఆ సన్నటి గీతలు చెక్కినవి కావు, చుట్టిన దారాల జాడలు. దానిమీద మళ్ళీ మెత్తటి మట్టి పూత, ఆపైన గరుకు మట్టి. కాలిస్తే మైనం కరిగి పోతుంది, ఆ ఖాళీలోకి కరిగిన ఇత్తడి పోస్తారు. చల్లారాక మట్టి పగలగొడితే బొమ్మ. అచ్చు పగిలిపోయింది కాబట్టి అలాంటిది ఇంకోటి రాదు. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది. గుర్తింపు ధ్రువపత్రం ఆర్డర్లు తెచ్చిపెట్టదు, అది వేరే బాధ.

ఈ బొమ్మలు జానెడు, రెండు జానలు. విమానాశ్రయపు ఎత్తైన హాల్లో పెడితే ఈగలా కనబడతాయి. అందుకే డిజైనర్ ఫైబర్ వైపు చూస్తాడు. కానీ గేటు బయట, మనిషి కూర్చునే ఎత్తులో, చేతికి అందేంత దగ్గరగా పెడితే ఆ కొలత సరిగ్గా సరిపోతుంది. ఒక నీడ పందిరి, తాగునీళ్ళు, కూర్చోవడానికి పొడవాటి అరుగు, దాని వెనక గోడ. ఆ గోడలో ఇత్తడి పలకలు: నాగోబా జాతరకు పోయే ఎడ్లబండ్లు, కుంటాల జలపాతం, దండారి ఆట, మోకాళ్ళ మీద సూట్‌కేసు పెట్టుకున్న మనిషి. ఒక్కో పలక కింద చేసినవాళ్ళ పేరు, ఊరు. ఏడ్చే పిల్లను ఎత్తుకుని అటూ ఇటూ తిరిగే అమ్మమ్మకు చూపించడానికి ఏదో ఒకటి ఉంటుంది. పిల్లలు ఎడ్ల కొమ్ములు పట్టుకుని లాగుతారని భయపడక్కర్లేదు. ఇత్తడి చేయి తగిలిన కొద్దీ మెరుస్తుంది. ఊడబీకి ఎత్తుకుపోతారన్న భయం మాత్రం నిజమైనదే, గోడలో లోతుగా పాతించాలి.

పని ఎప్పుడు అప్పగించాలన్నది అన్నిటికంటే ముఖ్యం. చివరి నెలలో చెబితే ఇది కాదు. ఒక్కో పలకకు అచ్చు కట్టాలి, ఆరాలి, కాలాలి. వానాకాలంలో మట్టి ఆరడానికి పట్టే రోజులు వేరు. గోడ నక్షా గీసే రోజునే ఓజులతో మాట్లాడి, బయానా ఇచ్చి, ఇత్తడి కొనిపించాలి. ధర దగ్గర ఇంకో మెలిక ఉంటుంది. ఇత్తడి సామాను అనగానే తక్కెడలో వేసి కిలో లెక్కన బేరమాడడం మనకు అలవాటు. ఆ లెక్కన కడితే మైనపు దారం చుట్టిన చేతికి కూలి సున్నా. అంచనాలు వేసే ఇంజనీరు ఒక మధ్యాహ్నం ఉషేగాం పోయి, ఒక నెమలి మెడ చుట్టడానికి ఎంతసేపు పడుతుందో పక్కన కూర్చుని చూసి వస్తే, టెండరు కాగితంలో ఆ గడిలో ఏ అంకె రాయాలో అతనికే తెలుస్తుంది.